శక్తి తగ్గించే మందు

"రోగనిరోధక శక్తి" అన్న మాట మీద నాకు చాలాకాలంగా ఒక ఫిర్యాదు ఉంది. ఇంగ్లీషులో ఇమ్యూనిటీ అనే మాటకి లాటిన్ మూలంలో ఉన్న అర్థం మినహాయింపు. పన్ను నుంచో ఊడిగం నుంచో మినహాయింపు. అందులో బలం ఊసు లేదు. తెలుగులోకి తెచ్చుకునేటప్పుడు మనం దానికి ఒక "శక్తి"ని తగిలించాం. ఆ తగిలించడంతో పనంతా చెడింది. శక్తి ఎంత ఉంటే అంత మంచిది. శక్తి ఎక్కువై జబ్బు చేసిందని తెలుగులో ఒక వాక్యం రాసి చూడండి, అది నిలబడదు. "మీకు రోగనిరోధక శక్తి తగ్గించే మందు రాస్తున్నాను" అని డాక్టరు అంటే వినేవాళ్లకి అది వైద్యంలా కాదు, బెదిరింపులా వినిపిస్తుంది.

విచిత్రం ఏమిటంటే, మన పాత మాటల్లో ఈ ఇబ్బంది లేదు. వేడి చేసిందంటాం, చలవ చేసిందంటాం. వేడి ఎక్కువైనా తంటానే, చలవ ఎక్కువైనా తంటానే అని ఆ మాటల్లోనే ఉంది. వైద్యంగా అవి ఎంతవరకు నిజమన్నది వేరే సంగతి, కానీ వాటిలో కొలత ఉంది. ఆధునిక వైద్యాన్ని తెలుగు చేసే తొందరలో మనం ఆ కొలతని పారేసుకుని, ఎక్కడా ఆగని ఒక "శక్తి"ని తెచ్చి పెట్టుకున్నాం.

2020లో ఆ మాట ఎంత దూరం వెళ్లగలదో చూశాం. కషాయాలు, పొడులు, చివరికి బిస్కెట్లు కూడా ఇమ్యూనిటీ పెంచుతాయనే ప్రచారంతోనే అమ్ముడుపోయాయి. ఆ ఏడాది మార్చిలో హైడ్రాక్సీక్లోరోక్విన్ పేరు హఠాత్తుగా ప్రపంచమంతా మోగింది. అది లూపస్, రుమటాయిడ్ ఆర్థరైటిస్ ఉన్నవాళ్లు ఏళ్ల తరబడి రోజూ వేసుకునే మామూలు బిళ్ళ. సొంత శరీరం మీదికే వెళ్లే రక్షణ వ్యవస్థని కాస్త నెమ్మదింపజేస్తుంది. దాన్ని కరోనా రాకుండా కాపాడే కవచంగా ఊహించుకుని జనం కొనేశారు. ప్రభుత్వం చిల్లర అమ్మకాల మీద ఆంక్షలు పెట్టాల్సొచ్చింది. నిజంగా అవసరమున్నవాళ్లు షాపుల చుట్టూ తిరిగారు. మరుసటి ఏడాది ముంబయి డాక్టర్లు తిప్పతీగ వాడిన ఆరుగురిలో కాలేయం దెబ్బతిన్న తీరు గురించి రాశారు. ఆ దెబ్బ ఆటోఇమ్యూన్ హెపటైటిస్‌ని పోలి ఉందన్నారు. ఆయుష్ మంత్రిత్వ శాఖ ఆ నిర్ధారణని ఒప్పుకోలేదు. ఆ వాదనలో ఎవరి పక్షం ఎంత బలమైనదన్నది అటుంచి, నాకు ఆసక్తి కలిగించింది వేరే. "పెంచడం వల్ల నష్టం కూడా ఉండొచ్చా?" అనే ప్రశ్నే మన దగ్గర చాలామందికి కొత్తగా తోచింది.

ఆటోఇమ్యూన్ జబ్బుల గురించి తెలుగు పత్రికల ఆరోగ్యం పేజీలు ఏం రాస్తాయో ఈమధ్య వరసగా చదివాను. "కంచే చేను మేస్తే" అన్న శీర్షికో ఉపశీర్షికో తప్పకుండా తగులుతుంది. సామెత బాగా అతికిందని మురిసిపోయి రాసినట్టుంటుంది. నిజానికి అతకలేదు. ఆ సామెత ద్రోహం గురించి. నమ్మినవాడే మోసం చేశాడని చెప్పడానికి పుట్టింది. రుమటాయిడ్ ఆర్థరైటిస్‌లో ఎవరూ ద్రోహం చెయ్యరు. కీళ్ల లోపలి పొరని పరాయిదనుకుని తెల్లకణాలు అక్కడ పోగుపడతాయి, వాపు తెచ్చే రసాయనాలు వదుల్తాయి, పొర మందమై ఎముకని తినడం మొదలుపెడుతుంది. అది గుర్తు పట్టడంలో జరిగిన పొరపాటు. పైగా ఆ సామెత ప్రకారం పోతే కంచెని పీకెయ్యాలి. పీకేస్తే చేను మిగలదు కదా! "సొంత సైన్యమే తిరగబడితే" అనే రెండో ఉపమానం ఇంకా అన్యాయం. ఆ లెక్కన మందు అంటే తిరుగుబాటుని అణచడం. ఇమ్యునోసప్రెసెంట్‌కి "అణచివేసే మందు" అనే అనువాదం అక్కడి నుంచే వచ్చింది. అణచివేత అనే మాటకి తెలుగులో ఉన్న చరిత్ర తెలిసి ఎవరైనా ఆ బిళ్ళని ఇష్టంగా మింగుతారా?

ఈ గొడవంతా ఎందుకంటే, ఆ బిళ్ళ కథలో సగం మనదే.

యల్లాప్రగడ సుబ్బారావు గురించి తెలుగులో తక్కువేమీ రాయలేదు. 1895లో భీమవరంలో పుట్టడం, రాజమండ్రి, మద్రాసు, బోస్టన్, ఫిస్క్‌తో కలిసి చేసిన పని, 1940లో లెడర్లీ కంపెనీ, నోబెల్ రాకపోవడం, 1948 ఆగస్టులో నిద్రలోనే మరణం, 1995లో తపాలా బిళ్ళ. ఏ వ్యాసం తీసుకున్నా ఈ మైలురాళ్లే. ఎస్.పి.కె. గుప్తా శ్రమపడి రాసిన ఇంగ్లీషు జీవిత చరిత్ర 1987లో వచ్చింది. దాని పేరు ఇన్ క్వెస్ట్ ఆఫ్ పెనాసియా, అంటే సర్వరోగ నివారిణి కోసం అన్వేషణ. ఆ తర్వాత తెలుగులో వచ్చిన వ్యాసాలు చాలావరకు దానికి రుణపడినవే, కాకపోతే ఆ పుస్తకంలోని ఓపిక వాటికి లేదు. వాటన్నిటి స్వరం ఒకటే: మనవాడికి అన్యాయం జరిగింది. ఆ బాధ అర్థమవుతుంది. కానీ నోబెల్ లెక్కలో పడి మనం మందుల లెక్క మర్చిపోయాం.

సుబ్బారావు అన్నదమ్ములు ఇద్దరు స్ప్రూ అనే పేగుల జబ్బుతో రోజుల తేడాలో పోయారు. ఆయనకీ అది వచ్చింది. ఆ జబ్బులో రక్తం విరిగిపోతుంది, ఫోలిక్ ఆమ్లం ఇస్తే కోలుకుంటుంది. ఆయన నడిపించిన లెడర్లీ బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలో తయారు చేసింది. కథ ఇక్కడితో ఆగితే చక్కటి జానపద కథ: అన్నదమ్ముల్ని చంపిన జబ్బుకి తమ్ముడు మందు కనిపెట్టాడు. కానీ అదే బృందం, డోరిస్ సీగర్ లాంటి రసాయన శాస్త్రవేత్తలు, ఆ అణువునే కొద్దిగా మార్చి దానికి విరోధిని తయారు చేశారు. ఫోలిక్ ఆమ్లం లాగే కనిపించి దాని పని చెడగొట్టే పదార్థం. అదే అమినోప్టెరిన్. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ దాన్ని లుకేమియా ఉన్న 16 మంది పిల్లలకి ఇచ్చాడు. 10 మందిలో జబ్బు తాత్కాలికంగా వెనక్కి తగ్గింది. 1948 జూన్‌లో ఆ సంగతి అచ్చయింది. రెండు నెలలకి సుబ్బారావు పోయారు. అమినోప్టెరిన్‌కి దగ్గరి చుట్టం మెథోట్రెక్సేట్.

మన వ్యాసాలు ఇక్కడ "క్యాన్సర్‌కి తొలి మందు" అని ముగింపు పలికేస్తాయి. నా దృష్టిలో అసలు కథ ఇక్కడి నుంచే మొదలవుతుంది. 1951లో రిచర్డ్ గబ్నర్, ఆయన సహచరులు అమినోప్టెరిన్‌ని రుమటాయిడ్ ఆర్థరైటిస్, సోరియాసిస్ ఉన్నవాళ్లకి ఇచ్చి చూశారు. కీళ్ల వాపు తగ్గింది, చర్మం మీది పొలుసులూ తగ్గాయి. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. కారణం ఉంది. సుబ్బారావు పోయిన మరుసటి నెలలోనే, 1948 సెప్టెంబరులో, అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ ఒక రోగికి కార్టిజోన్ ఇచ్చాడు. మంచం మీద కదలలేనివాళ్లు లేచి నడిచారు. 1950కల్లా ఆయనకి నోబెల్ వచ్చేసింది. అద్భుతం ఎదురుగా ఉండగా నెమ్మదిగా పనిచేసే మందుని ఎవరు చూస్తారు? కార్టిజోన్ ఎక్కువకాలం వాడితే ముఖం ఉబ్బడం, ఎముకలు గుల్లబారడం, షుగరు, ఇవన్నీ తర్వాత తెలిసొచ్చాయి. మెథోట్రెక్సేట్‌ని తక్కువ మోతాదులో వారానికోసారి ఇస్తే కీళ్లవాతంలో పనిచేస్తుందని గట్టి పరీక్షలతో తేలింది 1985 ప్రాంతంలో. అమెరికా మందుల సంస్థ ఆ వాడకానికి ఆమోదం ఇచ్చింది 1988లో, అంటే గుప్తా పుస్తకం వచ్చిన మరుసటి ఏడు, సుబ్బారావు పోయిన నలభయ్యేళ్లకి. ఇవాళ ప్రపంచంలో ఎక్కడ రుమటాయిడ్ ఆర్థరైటిస్ అని తేలినా సాధారణంగా మొదట రాసే మందు అదే. చవక కూడా. సర్వరోగ నివారిణి మాత్రం కాదు, అసలు ఈ జబ్బుకే నివారణ కాదు. వాడినన్నాళ్లు చాలామందిలో జబ్బు అదుపులో ఉంటుంది, అంతే. విజయగాథల భాషలో ఈ "అంతే"కి చోటు లేదు. అందుకే ఈ అధ్యాయం మన సుబ్బారావు కథల్లో కనపడదని నా అనుమానం.

క్యాన్సర్‌లో పెద్ద మోతాదులో ఆ మందు కణాలు విభజన చెందకుండా ఆపి చంపుతుంది. కీళ్లవాతంలో ఇచ్చేది వారానికి 7.5 నుంచి 25 మిల్లీగ్రాముల దాకా. ఆ కొంచెంలో దాని పని కణాల్ని చంపడం కాదు. అడినోసిన్ అనే పదార్థాన్ని కణాల బయట పెంచి వాపుని చల్లారుస్తుందని ఎక్కువమంది ఒప్పుకుంటున్న వివరణ. అంటే ఒకే బిళ్ళ మోతాదుని బట్టి రెండు వేరు వేరు మందులు. ఈ సంగతి ఎవరూ విప్పి చెప్పకపోవడం వల్ల, నెట్‌లో పేరు కొట్టి చూసి "ఇది క్యాన్సర్ మందటగా" అని ఆపేసినవాళ్లు నాకు తెలిసిన రెండు మూడు ఇళ్లలోనే ఉన్నారు. మెథోట్రెక్సేట్ వాడేవాళ్లకి నోటిపూత, రక్తం తగ్గడం లాంటివి రాకుండా ఫోలిక్ ఆమ్లం బిళ్ళ కూడా ఇస్తారు. ఎక్కువగా మరుసటి రోజు. ఆ బిళ్ళని మనవాళ్లు ఫోల్వైట్ అంటారు. అది లెడర్లీ పెట్టిన పేరే. అంటే రేపల్లెలో ఒక ఆవిడ మందుల డబ్బాలో పక్కపక్క గళ్లలో ఉన్న విషమూ విరుగుడూ రెండూ సుబ్బారావు ప్రయోగశాలవే. తరచూ రెండూ పసుపు రంగే. మెథోట్రెక్సేట్ అమ్మే కొన్ని పేర్లు కూడా "ఫోలి"తోనే మొదలవుతాయి. ఏది ఏదో తెలియకపోతే ప్రాణం మీదికొస్తుంది.

ఇక్కడ భాష నిజంగానే ప్రాణం సంగతి అవుతుంది. మెథోట్రెక్సేట్‌తో జరిగే ఘోరాల్లో ముఖ్యమైంది వారానికోసారి వేసుకోవాల్సింది రోజూ వేసుకోవడం. యూరప్ మందుల సంస్థ 2019లో దీని గురించి ప్రత్యేకంగా జాగ్రత్తలు చెప్పింది. ఏ రోజు వేసుకోవాలో ఆ రోజు పేరు చీటీ మీద రాయమంది. తెలుగులో ఈ చిక్కు ఇంకాస్త ముదురు. మనకి "వారం" అంటే ఏడు రోజులూ, అందులో ఒక రోజూ కూడా. "ఇవాళ ఏ వారం?" అనే అడుగుతాం. "వారం మందు", "వారానికి మందు", "వారం రోజులు మందు" ఈ మూడిటికీ మధ్య తేడా మందుల షాపు కౌంటరు దగ్గర, వెనక నలుగురు తోసుకుంటుండగా, ఎంతమందికి పడుతుంది?

రేపల్లెలో మా పెద్దమ్మకి ఈ జబ్బు పదకొండేళ్లుగా ఉంది. మెథోట్రెక్సేట్ అన్న పేరు ఆవిడ నోట ఎప్పుడూ వినలేదు. "అదేం మందు పెద్దమ్మా?" అంటే, "శనివారం బిళ్ళ. అదేసుకుంటే ఆదివారం మధ్యాహ్నం దాకా ఒళ్లు తేలదనుకో" అంది. ఫోలిక్ ఆమ్లం పేరు "ఆదివారం బిళ్ళ". బాపట్లలో ఆవిడ వియ్యపురాలికీ ఇదే జబ్బు, ఆవిడది "గురువారం బిళ్ళ". సాయిబాబా రోజు గనక మర్చిపోదట. యూరప్ సంస్థ నిపుణుల్ని కూర్చోబెట్టి తేల్చిన సంగతిని వీళ్లిద్దరూ తమ అవసరం కొద్దీ తేల్చుకున్నారు. "స్వయం ప్రతిరక్షక వ్యాధి నిరోధకం" లాంటి మాటలు తయారుచేసే మన పరిభాషా నిర్మాతలకి ఈ పేర్లు చూపించాలనిపిస్తుంది. పేరు చూస్తే ఎప్పుడు వేసుకోవాలో తెలుస్తుంది. ఇంతకన్నా మంచి సాంకేతిక పదం ఏముంటుంది?

మరి యుద్ధం, ద్రోహం కాకపోతే వేరే ఏ ఉపమానం? తెనాలిలో పుట్టినవాడిగా నాకు కాలవలే గుర్తొస్తాయి. దుగ్గిరాల లాకుల దగ్గర పంచుకున్న నీళ్లు తెనాలి ఊళ్లోంచి పారతాయి, రేపల్లె వైపు పోతాయి, కొమ్మమూరు కాలవగా బాపట్ల వైపు పోతాయి. ఎక్కడ ఎంత తలుపు ఎత్తాలన్నదే ఏడాది పొడుగునా గొడవ. ఎక్కువ వదిలితే పై పొలాలు మునుగుతాయి, తక్కువ వదిలితే చివరి భూములకి అందదు. లాకు తలుపు దించినవాడిని ఎవరూ కాలవని అణచివేశాడనరు. ఈ మందులు చేసేది ఆ పనే. ఇమ్యునోమాడ్యులేటర్ అన్న మాటలోనూ ఉన్నది అదే, సర్దడం. ఉపమానం పూర్తిగా అతకదని నాకూ తెలుసు. నీటికి జ్ఞాపకం ఉండదు, తెల్లకణాలకి ఉంటుంది. ఒకసారి పొరపడిన కణం ఆ పొరపాటుని దశాబ్దాలపాటు గుర్తుపెట్టుకుంటుంది. అయినా కంచె సామెత కన్నా ఇది నయం.

గత ముప్పయ్యేళ్ల పరిశోధనంతా ఏ తలుపు దించాలో కచ్చితంగా వెతకడమే. మెథోట్రెక్సేట్ కాలవ మొత్తాన్ని కాస్త తగ్గిస్తుంది. 1990ల్లో లండన్‌లో మార్క్ ఫెల్డ్‌మన్, లూధియానాలో పుట్టిన రవీందర్ మైనీ కలిసి టిఎన్ఎఫ్ అనే ఒక్క రసాయనాన్ని పట్టుకుని ఆపితే కీళ్లవాతం చల్లారుతుందని చూపించారు. దాన్నుంచి ఇన్‌ఫ్లిక్సిమాబ్, అడాలిముమాబ్ లాంటి ఇంజెక్షన్లు వచ్చాయి. అడాలిముమాబ్ ప్రపంచంలో అత్యధికంగా అమ్ముడైన మందుగా ఏళ్ల తరబడి నిలిచింది. హైదరాబాద్‌లో డాక్టర్ రెడ్డీస్ 2007లోనే రిటుక్సిమాబ్‌కి తన రూపాన్ని తెచ్చింది. అది బి కణాల తలుపు. తర్వాత కణం లోపలి సంకేతాలని ఆపే టోఫాసిటినిబ్ లాంటి బిళ్ళలు. వీటి ధరలు చాలా ఇళ్లకి ఇప్పటికీ అందవు. అందువల్ల తెనాలి, రేపల్లెల్లో శనివారం బిళ్ళ రాజ్యం ఇప్పట్లో పోదు.

తలుపు దించినప్పుడు ఏమవుతుందో చెప్పడానికి ఒక ఉదాహరణ చాలు. 2001లో ఒక అమెరికన్ వైద్య పత్రికలో, ఇన్‌ఫ్లిక్సిమాబ్ మొదలుపెట్టాక 70 మందికి క్షయ బయటపడిందని వచ్చింది. క్షయ క్రిమి చాలామంది ఊపిరితిత్తుల్లో ఏళ్ల తరబడి నిద్రపోతుంటుంది, శరీరం దాని చుట్టూ కణాలతో గోడ కట్టి ఉంచుతుంది. ఆ గోడ నిలబడ్డానికి టిఎన్ఎఫ్ కావాలి. కీళ్ల కోసం దాన్ని ఆపితే గోడ పడిపోతుంది. అందుకే ఈ ఇంజెక్షన్లకి ముందు క్షయ పరీక్ష తప్పనిసరి, మన దేశంలో మరీను.

క్షయ అంటే తెలుగు సాహిత్యానికి బాగా తెలిసిన జబ్బు. తెనాలి చక్రపాణి, ఆయనా సుబ్బారావే, ఆలూరి వెంకటసుబ్బారావు, మదనపల్లె శానిటోరియంలో క్షయకి చికిత్స పొందుతూ బెంగాలీ నేర్చుకున్నాడు. ఆ జబ్బు మంచం మీంచే మనకి తెలుగు శరత్ వచ్చాడు. తెనాలిలోనే హోటల్ సర్వరుగా బతుకుతూ తెలుగులో నవలలు రాసిన తమిళుడు శారద, మూర్ఛతో బాధపడుతూ 1955లో ముప్పై దాటీ దాటకముందే పోయాడు. ఈ ఊరి రచయితలకి జబ్బు కొత్త కాదు. కానీ మన కథల్లో జబ్బుకి రెండే పనులు. ఒకటి చంపడం, రెండోది త్యాగం చేయించడం. రక్తం కక్కాలి, లేకపోతే ఆఖరి పేజీలో రిపోర్టు రావాలి. ముప్పయ్యేళ్లు చంపకుండా, పోకుండా, పొద్దున్నే ఒక గంటసేపు వేళ్లు ముడుచుకోనివ్వకుండా ఉండే జబ్బుతో కథ ఎలా నడపాలో మనకి ఇంకా పట్టుబడలేదు. నేను చదివినంతలో కీళ్లవాతం అంటే మూలన కూచున్న ముసలమ్మ మూలుగే. రుమటాయిడ్ ఆర్థరైటిస్ ముసలితనపు అరుగుదల కాదు. ఆడవాళ్లలో మగవాళ్ల కన్నా రెండు మూడు రెట్లు ఎక్కువ, ముప్పై నలభైల్లోనే రావచ్చు.

ఎవరైనా నన్ను అడగొచ్చు: మాట మార్చినంత మాత్రాన గుంటూరు వెళ్లే బస్సు ఖర్చు తగ్గుతుందా, రక్త పరీక్షలు చవకవుతాయా? తగ్గవు. నేను చూసినంతలో బిళ్ళ ఆపేసిన ఇళ్లలో సగం డబ్బు వల్లే ఆపాయి. మిగతా సగం మాత్రం మాట వల్లే ఆపాయి. "ఒంట్లో ఉన్న శక్తి కూడా పోగొట్టే మందు ఎందుకు?" అని అత్తగారు అన్న ఇల్లు ఒకటి నాకు తెలుసు. ఆ కోడలికి జవాబు చెప్పడానికి ఒక్క తెలుగు వాక్యం కూడా దొరకలేదు.

ఈ జబ్బులో కథకులకి దొరికే సామగ్రి తక్కువేం కాదు. మెథోట్రెక్సేట్ వాడుతుండగా గర్భం రాకూడదు, పిండానికి ప్రమాదం. బిడ్డ కావాలనుకుంటే నెలల ముందే డాక్టరుకి చెప్పి ఆపాలి. పాతికేళ్ల పిల్లకి కీళ్లవాతం ఉందని సంబంధాలవాళ్లకి చెప్పరు. పెళ్లయ్యాక ఆ పిల్ల శనివారం బిళ్ళని ఎక్కడ దాస్తుంది? శనివారం రాత్రి వేసుకుని, ఆదివారం ఇంటినిండా చుట్టాలుండగా వికారాన్ని ఏమని చెబుతుంది? అత్తగారు ఆ వికారాన్ని చూసి ఏమనుకుంటుంది? కొడవటిగంటి కుటుంబరావు తెనాలివాడే, మధ్యతరగతి ఇళ్ల కథలూ రాశాడు, సైన్సు వ్యాసాలూ రాశాడు. ఆయన ఆ రెండిటినీ వేరు వేరు సంపుటాల్లో ఉంచాడు. ఈ పిల్ల కథ రాయాలంటే ఆ రెండు సంపుటాలూ ఒకే బల్ల మీద తెరిచి పెట్టుకోవాలి. తడిబట్ట పిండటం, కుళాయి తిప్పడం, పచ్చడి సీసా మూత తియ్యడం, చంటిబిడ్డని ఎత్తుకునేటప్పుడు మణికట్టు మీద బరువు పడకుండా మోచేతుల్తో ఎత్తుకోవడం. ఇవన్నీ ఆమె రోజూ పొద్దున్నే ఎవరూ చూడకుండా వేసుకునే లెక్కలు.